పాలుకిచ్చిన ఎర్రపెట్ట

పొద్దూకింది.

గంప కింద మూసే ముందు, కోడి మెడ కింద అరచెయ్యి పెట్టి చూస్తుంది సారక్క.

ఈకల కింద వెచ్చగా... బరువుగా... కొంగున మూటగట్టిన జొన్నల్లాగా తగులుతుంది మేత సంచి.

నిండుగా ఉంది.

ఆ నిండుతనం అరచేతికి తెలియగానే మనసు కుదుటపడుతుంది. తిన్నది తల్లి. ఇంక పడుకుంటుంది. గంప బోర్లించి, పైన రాయి పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుంటుంది.

గోడ అవతల మరమగ్గాలు మోగుతూనే ఉంటాయి. సూరత్‌లో పొద్దూకడం అంటే మగ్గాలు ఆగడం కాదు — ఒకరు దిగడం, ఒకరు ఎక్కడం. దిగినవాళ్లలో సారక్క మొగుడు రాజనర్సు ఉంటాడు, జుట్టు నిండా నూగుతో, చెవుల నిండా మోతతో. ఇంట్లో మాట కూడా మగ్గం పక్కన నిలబడ్డట్టే అరుస్తాడు. అన్నం పెట్టమని అడిగితే పక్కింటివాళ్లు కూడా కంచాలు తీసుకుంటారని వాడలో హాస్యం.

కోడి మెడ కింద చెయ్యి పెట్టి చూడటం నేర్పింది పక్క గది లింగవ్వ.

"పొద్దూకంగ నిండాలె. తెల్లారంగ ఖాళీ గావాలె. గంతే బిడ్డా, కోడి కత."

రెండు మాటలే.

సారక్క అందులో ఒకటే నేర్చుకుంది.

తెల్లారితే నల్లా వస్తుంది కదా. "పాణీ ఆవ్యుం! పాణీ ఆవ్యుం!" అని పిల్లలు గల్లీ ఈ కొస నుంచి ఆ కొసకు, నీళ్లొచ్చాయని గుజరాతీలో అరుస్తారు. బిందెలు తీసుకుని పరుగు. గంప ఎత్తి వదిలేసి పరుగు. ఆ గడబిడలో కోడి మెడ కింద చెయ్యి పెట్టే తీరిక ఎవరికి ఉంటుంది?

సాయంత్రపు నిండుతనమే చూసింది. తెల్లవారి ఖాళీతనం చూడలేదు.

అక్కడే మొదలైంది అంతా...

*

ఎర్రపెట్ట ఊరికే వచ్చిన కోడి కాదు.

సిరిసిల్ల వైపు పెళ్లికి వెళ్లి వస్తూ లింగవ్వ రైల్లో కొంగుచాటున తెచ్చిన పిల్ల అది. టికెట్లు చూసే మనిషి వచ్చినప్పుడు అది కియ్యిమంటే లింగవ్వ దగ్గిందట. అది మళ్లీ కియ్యిమంటే మళ్లీ దగ్గిందట. క్షయ అనుకుని ఆ మనిషి పెట్టె మారిపోయాడట. ఈ కథ చెప్పినప్పుడల్లా లింగవ్వ దగ్గి చూపించేది. విన్నవాళ్లు నవ్వి నవ్వి దగ్గేవాళ్లు.

ఆ పిల్లను సారక్కకు పాలుకిచ్చింది.

పాలుకివ్వడం అంటే — కోడి ఒకరిది, మేత ఒకరిది, పెట్టిన గుడ్లూ పొదిగిన పిల్లలూ చెరి సగం. కాగితం ఉండదు. సాక్షి ఉండడు. ఇచ్చిన మనిషి ముఖం, పుచ్చుకున్న మనిషి ముఖం. అంతే.

లింగవ్వకు మొగుడు పోయాడు. పిల్లలు కలగలేదు. కండెలు చుట్టుకుని బతుకుతుంది. పొద్దంతా చక్రం ముందు కూర్చుంటే, ఆమె వేళ్లు ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఏదో చుడుతున్నట్టే కదులుతుంటాయి. సారక్క పిల్లలిద్దరూ ఆ ఒళ్లోనే పెరిగారు. వాళ్లకు జడలు వేసే చెయ్యి, పేలు తీసే చెయ్యి, పడిపోతే లేపే చెయ్యి — ఆమెదే.

ఆ సంగతి సారక్కకు తెలియక కాదు.

తెలిసే అన్నది.

*

మొదట తోలుగుడ్డు పెట్టింది ఎర్రపెట్ట. పెంకు లేదు. పట్టుకుంటే వేలికి మెత్తగా దిగిపోయింది, లోపల పచ్చసొన కదిలింది.

"పెంకులు దంచి మేతల కలుపు బిడ్డా. సున్నం తక్కువైంది," అంది లింగవ్వ.

సారక్క దంచి కలిపింది. మరొక తోలుగుడ్డు. ఆ తర్వాత అదీ లేదు.

కోడి గుడ్డుకు కూర్చున్నట్టు కూర్చుంటుంది. ముక్కుతుంది. తోక దించి, రెక్కలు వేలాడేసి, కళ్లు సగం మూసి... లేచి పోతుంది. గంపలో గడ్డి వెచ్చగా ఉంటుంది. గుడ్డు ఉండదు.

సాయంత్రం చూస్తే మేత సంచి నిండుగానే ఉంది!

తింటుంది. నిండుతుంది. పెట్టదు. ఎందుకు పెట్టదు?

మనసులో ఏ మూలో తిరిగే పురుగుకు ఈ ప్రశ్న ఆహారమైంది. లింగవ్వ రోజూ వస్తుంది. కోడి వీపు నిమురుతుంది. "ఎంత ముద్దుగున్నదే నా తల్లి," అంటుంది. ఎవరైనా అలా అంటారా? రోజూ అంటారా? పిల్లలు లేని మనిషి...

ఉప్పూ మిరపకాయలూ దిగదీసి పొయ్యిలో వేసింది సారక్క. ఘాటు రాలేదు. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టే అని వాళ్లమ్మ చెప్పేది.

చాలు. ఇంకేం సాక్ష్యం కావాలి?

*

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం అంటారు. సారక్క నోరు జారలేదు. ఆ మాటను తీరిగ్గా నూరి, పదును చూసుకుని, నల్లా దగ్గరికి తెచ్చింది.

ఆడవాళ్లందరూ ఉన్నారు. లింగవ్వ బిందె నల్లా కింద ఉంది.

ఎవరో అడిగారు, "ఏందే సారక్కా, నీ కోడి ఇంక వెడ్తలేదా?"

సారక్క ఎవరి వైపూ చూడకుండా అంది —

"పిల్లల్లేని కండ్లు పొద్దుమాపు మీద వడుతుంటే, ఏ కోడి గుడ్డు వెడ్తది?"

పేరు పెట్టలేదు.

పేరు అక్కరలేకపోయింది. అన్ని తలలూ ఒక్కసారే లింగవ్వ వైపు తిరిగాయి.

లింగవ్వ వంగింది. సగమే నిండిన బిందెను నల్లా కింది నుంచి తీసింది. చంకన పెట్టుకుంది. సగం బిందె మోసేటప్పుడు నీళ్లు ఎక్కువ కదులుతాయి. ఆ గుబగుబ చప్పుడు గల్లీ మలుపు దాకా వినిపించింది.

తర్వాత నల్లా దగ్గర ఆ ఖాళీలో తన బిందె పెట్టుకుంది సారక్క.

మర్నాటి నుంచి లింగవ్వ అవతలి గల్లీ నల్లాకు పోయింది. కోడి దగ్గరికి రావడం మానేసింది. అంతకుముందు ఆమె చింతకాయ తొక్కు పెట్టి పంపిన గిన్నె సారక్క ఇంట్లోనే ఉండిపోయింది. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదు. ఏం వేసి ఇవ్వాలో తెలియలేదు. కడిగి గూట్లో బోర్లించింది. నీళ్లకు పోతూ చూసేది, వస్తూ చూసేది.

*

ఒకరోజు నల్లా రాలేదు.

పిల్లలు అరవలేదు. పరుగు లేదు. చేతులకు పని లేక, గంప ఎత్తి, తెల్లవారి మొదటిసారిగా కోడి మెడ కింద అరచెయ్యి పెట్టింది సారక్క.

నిండుగా ఉంది.

నిన్నటి నిండుతనం. గట్టిగా, ముద్దగా, నొక్కినా లొంగని గుండ్రని నిండుతనం. కోడి మెడ చాచి నోరు తెరిచింది. పులిసిన గంజి వాసన ముఖానికి కొట్టింది.

తెల్లారంగ ఖాళీ గావాలె...

సగం పాఠం ఇప్పుడు గుర్తొచ్చింది. ఆకలికి మేత మింగుతోంది కోడి, మింగింది కిందికి దిగడం లేదు. సంచి నిండుతోంది గాని కడుపు నిండటం లేదు. కడుపుకే లేనిది గుడ్డుకు ఎక్కడిది?

అది ప్లేగు వచ్చి పోయిన మరుసటి ఏడు. ఎలుక చచ్చినా, కాకి తూలినా వాడ గుండె గుబేలుమనేది. గంపలోంచి వదిలితే నడవలేక తూలుతున్న కోడిని చూసి జనం తలుపులు దగ్గరికి వేసుకున్నారు. "బీమారేమో. దూరం పారేసి రాపో," అన్నారు, మొన్న గుడ్ల కోసం అడిగినవాళ్లే.

రాజనర్సు కత్తి తీసుకొచ్చాడు.

"మేత దిగుతలేదు, ఎట్లైనా పోయేదే. పానం ఉన్నప్పుడే కోసుకుందం!" అని అరిచాడు. ఆయనకది మామూలు గొంతే.

ఆ గొంతు గోడ దాటింది.

లింగవ్వ వచ్చింది. చేతిలో కొత్త బ్లేడు. కుంకుడుకాయంత పసుపు ముద్ద. జాకెట్ల సూది. తెల్ల నూలు దారం.

సారక్కను చూడలేదు. రాజనర్సునే చూసింది.

"పాలుకిచ్చిన కోడి అది. నీ సగం నువ్వు కోసుకుంటవేమో కోసుకో. నా సగం నేను బతికిచ్చుకుంట."

రాజనర్సు కత్తి వెనక దాచుకున్నాడు.

*

వాకిట్లో పీట మీద గోనె పరిచారు.

మొదట నోట్లో నూనె పోసి, వేళ్లతో మెల్లగా పిసికి చూసింది లింగవ్వ. ముద్ద కదల్లేదు. కోడి మూలిగింది. "జర ఓర్చుకో బిడ్డా, జరంత," అంది.

బిడ్డా అని సారక్కను పిలిచే పిలుపు అది. ఇప్పుడు కోడికి పోయింది.

రాజనర్సు కాళ్లూ రెక్కలూ పట్టుకున్నాడు. లింగవ్వ ఈకలు పీకి, మరిగించిన నీళ్లతో తుడిచి, తోలును బ్లేడుతో కోసింది. తోలు కింద సంచిని వేరేగా కోసింది. తలుపులు వేసుకున్నవాళ్లందరూ మెల్లగా వచ్చి చుట్టూ నిలబడ్డారు. భయం కంటే చూడాలనే ఆశ పెద్దది.

ముద్దలో నుంచి ఒక కొస దొరికింది. లాగింది.

పోగు.

లాగుతూ ఉంటే వస్తూనే ఉంది. తడిగా, జిగటగా, మధ్యమధ్య అన్నం మెతుకులు అంటుకుని. లింగవ్వ వేళ్లు అలవాటు కొద్దీ దాన్ని చుట్టుకుంటున్నాయి, కండె చుట్టినట్టే. చుట్టిన కొద్దీ మురికి పోయి రంగు తేలింది.

గులాబీ రంగు.

చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఆ వాడలో అంట్ల పీచు ఎవరూ కొనరు. మగ్గాల కింద తెగిపడ్డ పోగుల తుక్కు తెచ్చుకుని, బూడిద అద్ది, దానితోనే తోముతారు. ఎవరింటి అంట్లు ఏ రంగు పీచుతో తోముతున్నారో చూస్తే, ఆ ఇంటి మనిషి మగ్గం మీద ఏ చీర నడుస్తోందో చెప్పొచ్చు. రాజనర్సు మగ్గాల మీద కొన్ని నెలలుగా గులాబీ చీరే. ఇంకెవరి మగ్గం మీదా ఆ రంగు లేదు.

అన్నం గిన్నె తోమి, మెతుకులంటిన పీచును మోరీ కాలవ పక్కకు విసిరేది సారక్క. ఊళ్లో వాళ్లమ్మా అలాగే విసిరేది. అది చేనేత మగ్గం నూలు. కోడి గుంజినా పుటుక్కున తెగేది, వానకు మట్టిలో కలిసేది. ఇది నైలాన్. తెగదు. కుళ్లదు. మట్టికి దీని సంగతి తెలియదు, కోడికీ తెలియదు. మెతుకు కోసం ముక్కు పెట్టిన కోడి మెతుకుతో పాటు పోగూ మింగింది.

రోజూ మింగింది. సారక్క చేతి విసురు ఎంత దూరమో అంత దగ్గర్లోనే మింగింది.

ఏ కళ్లూ పడలేదు. పోగు పడింది.

సారక్క చేతులు తనకు తెలియకుండానే వెనక్కి పోయాయి. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు, బూడిద అంటిన వేళ్లను కొంగుకు రుద్దుకుంది. సిగ్గుతో ఒళ్లంతా వేడెక్కింది. చెవులు మండాయి. భూమి చీలితే బాగుండుననుకుంది. అక్కడ సిమెంటు గచ్చు.

ఇప్పుడంటుంది లింగవ్వ. అంటే బాగుండు. తిడితే బాగుండు. చుట్టిన ఆ ముద్దను ముఖాన కొడితే... అమ్మయ్య అని ఏడ్చేది.

లింగవ్వ లోపలి సంచిని వేరుగా కుట్టింది. పైతోలును వేరుగా కుట్టింది. నూలు దారం, చిన్న చిన్న కుట్లు, పసిపిల్ల లాగు కుట్టినట్టు. పసుపు అద్దింది. అప్పుడు ఆ గులాబీ ముద్దను తీసి సారక్క అరచేతిలో పెట్టింది.

"దూరం పారెయ్. ఇంకో కోడి తింటది."

అంతే అంది. చేతులు కడుక్కుని పోయింది.

*

పారెయ్యలేదు సారక్క. పారేస్తే ఎక్కడ పారేసినా గులాబీ రంగే.

ఎండబెడదామంటే పదిమందీ చూస్తారు. కాగితంలో చుట్టి పొయ్యి వెనక దాచింది. ఆరాక, ఇంట్లో ఎవరూ లేనప్పుడు మంటలో వేసింది. నూలైతే బూడిదయ్యేది, ఊదితే పోయేది. ఇది ముడుచుకుంది, కరిగింది, నల్లగా బొట్లు కారింది. చల్లారాక చూస్తే గట్టిగా, నల్లగా, శనగగింజంత ముద్ద. రాయితో కొట్టినా పగల్లేదు.

కోడి మాత్రం కోలుకుంది. పలుచని గంజి, ఆ తర్వాత పెరుగన్నం, ఆ తర్వాత నూకలు.

రోజూ పొద్దున లింగవ్వ వస్తుంది. వాకిట్లోనే కూర్చుంటుంది. కుట్లు చూస్తుంది. "ఆకలైతుందా బిడ్డా? మెల్లగ తిను," అని కోడితో మాట్లాడుతుంది. పోతుంది. నీళ్లిస్తే తాగదు. కూర్చోమంటే, "పనున్నది," అంటుంది. సారక్క గడప లోపల నిలబడి ఉంటుంది, నోట్లో ఒక మాట పెట్టుకుని.

తప్పైంది పెద్దవ్వా.

పెద్ద మాటేం కాదు. అన్నం ముద్ద కంటే చిన్నది. అయినా రాదు. ఎందుకు రాదో కూడా ఆమెకు తెలుసు. ఆ మాట ఇక్కడ చెప్పేది కాదు. నలుగురిలో అన్నదాన్ని నాలుగు గోడల మధ్య తీసుకుంటే అది తీసుకోవడం కాదు, దాచుకోవడం. ఎక్కడ అన్నదో అక్కడే చెప్పాలి. నల్లా దగ్గర. ఆ చెవుల ముందే.

నల్లా దగ్గర ఆడవాళ్లు ఇప్పుడు వేరే పాట అందుకున్నారు. "లింగవ్వ చెయ్యి మంచిదే," అంటున్నారు. "దవాఖానల డాక్టరు గూడ గంత మంచిగ కుట్టడు." ఆ రోజు తలలు తిప్పింది తామే అన్నది ఒక్కరికీ గుర్తు లేదు.

సారక్క గొంతు సవరించుకుంది. అందరూ చూశారు.

"నా వంతు ఎప్పుడొస్తదే?" అని అడిగింది.

*

ఎర్రపెట్ట గుడ్డు పెట్టింది.

చిన్నది. పెంకు మీద సన్నటి నెత్తురు చార. అయినా గట్టి పెంకు. వేలితో కొడితే టక్‌మంది.

గూట్లో బోర్లించిన గిన్నె తీసింది సారక్క. గుడ్డు అందులో పెట్టింది. ఇప్పుడు గిన్నె ఖాళీ కాదు. పక్క గదికి వెళ్లింది. మాట కూడా గిన్నెలోనే పెట్టి తెచ్చినట్టు, ఇచ్చేస్తే అయిపోతుందన్నట్టు...

లింగవ్వ చక్రం ఆపింది. గిన్నె అందుకుంది. గుడ్డు తీసి వెలుతురుకు పట్టి చూసింది. ఆ ముడతల ముఖం ఒక్క క్షణం వెలిగింది.

"పెంకు గట్టివడ్డది," అంది.

గిన్నె తన దగ్గర పెట్టుకుని, గుడ్డును సారక్క చేతిలో తిరిగి పెట్టింది.

"కోడి ఇగ నీదే. నా సగం గూడ నీకే ఇచ్చిన. ఇగ నా కండ్లు దాని మీద వడవు."

కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే పట్టుకోవడానికి ఏదైనా దొరికేది.

"గట్ల గాదు పెద్దవ్వా..." అంది సారక్క.

గట్ల గాదు. మరి ఎట్ల?

లింగవ్వ ఆగి చూసింది. సారక్క తన చేతిలోని గుడ్డు వైపే చూస్తూ నిలబడింది.

చక్రం మళ్లీ తిరిగింది.

*

పొద్దూకింది.

కోడి మెడ కింద అరచెయ్యి పెట్టింది సారక్క. నిండుగా ఉంది. కుట్టు మానిన చోట సన్నని గట్టి గీత వేళ్లకు తగిలింది. మొత్తం కోడి తనదే. తల నుంచి తోక దాకా. సగం తనదైనప్పుడు ఇంత బరువు లేదు.

రాజనర్సు అన్నం పెట్టమని అరిచాడు. పెట్టింది. తను తినలేదు. అడిగితే ఆకలి లేదంది.

"పాణీ ఆవ్యుం! పాణీ ఆవ్యుం!"

మర్నాటి పొద్దున గల్లీ అంతా బిందెల చప్పుడు. సారక్క పరుగెత్తలేదు. గంప ఎత్తింది. ముందు కోడి మెడ కింద చెయ్యి పెట్టింది. వదులుగా, మెత్తగా, ఏమీ లేని గుడ్డసంచిలా... ఖాళీగా ఉంది. కోడి దులుపుకుని వాకిట్లోకి పోయింది.

నల్లా దగ్గరికి చివరగా చేరింది. అవే ముఖాలు. అవే చెవులు. వంతు వచ్చి బిందె పెట్టింది. నీళ్లు బుడబుడమంటూ సగం దాకా వచ్చాయి.

అప్పుడే గల్లీ మలుపులో లింగవ్వ. అవతలి నల్లా నుంచి వస్తోంది, చంకన బిందెతో, గోడవారగా, ఎవరి వైపూ చూడకుండా.

"పెద్దవ్వా!"

రాజనర్సు గొంతులాగా వచ్చింది ఆ పిలుపు. అన్ని తలలూ ఒక్కసారే తిరిగాయి, ఆ రోజు తిరిగినట్టే. ఈసారి సారక్క వైపు.

లింగవ్వ ఆగింది. వెనక్కి తిరగలేదు. ఆమె బిందెలో నీళ్లు కదిలి, ఒలికి, చీర కుచ్చెళ్లు తడిశాయి.

సారక్క బిందె నిండింది. పొర్లుతోంది. ఎవరూ తియ్యలేదు.

అరచేతిలో ఇంకా ఆ వెచ్చదనం ఉంది... ఖాళీ అయిన సంచిది.

తెల్లారింది.

సారక్క నోరు తెరిచింది.